అహ్మద్‌నగర్ కోటలో మౌలానా ఆజాద్

మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో గుండ్రంగా కట్టిన ఒక పాత రాతి కోట ఉంది. చుట్టూ వెడల్పాటి కందకం. ఊరి పేరు ఈమధ్య అహిల్యానగర్‌గా మారింది. కోట సైన్యం అధీనంలో ఉంది. లోపల ఒక పెద్ద ముంగిలి, దాని చుట్టూ వరసగా గదులు. క్విట్ ఇండియా రోజుల్లో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ సభ్యుల్ని బ్రిటిష్ సర్కారు బంధించింది ఈ గదుల్లోనే. ఇప్పుడు వాటిని స్మారకంగా కాపాడుతున్నారు.

ఈ కోట పేరు చెప్పగానే చాలామందికి నెహ్రూ గుర్తొస్తారు. ఆయన డిస్కవరీ ఆఫ్ ఇండియా పుస్తకం రాసింది ఇక్కడే. కానీ అదే వరసలో మరో గదిలో అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు ఉండేవారు. ఆయనే మౌలానా అబుల్ కలాం ఆజాద్. ఆయన ఈ గదిలో ఉండగానే కలకత్తాలో ఆయన భార్య జులేఖా బేగం జబ్బుపడి కన్నుమూశారు. విడుదల కోసం ఒక్క మాట అడగమని జైలు అధికారి చెప్పినా ఆయన అడగలేదు. స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళిన వాళ్ళ గురించి మనం చాలా చదువుకున్నాం. ఇంట్లో మిగిలిపోయిన వాళ్ళు ఏం పోగొట్టుకున్నారో ఆజాద్ జీవితం చూస్తే అర్థమవుతుంది.

మక్కాలో పుట్టి, కలకత్తాలో పెరిగి

ఆజాద్ 1888 నవంబర్ 11న మక్కాలో పుట్టారు. అసలు పేరు ముహియుద్దీన్ అహ్మద్. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ పేరున్న ఆలిమ్. తల్లి అరబ్బు కుటుంబం నుంచి వచ్చినావిడ. ఆజాద్ పసివాడుగా ఉన్నప్పుడే కుటుంబం కలకత్తాకు వచ్చి స్థిరపడింది. చదువంతా ఇంట్లోనే సాగింది. అరబ్బీ, ఫార్సీ, ఫిఖ్హ్, తర్కం, గణితం అన్నీ తండ్రి దగ్గర, ఆయన పెట్టించిన ఉస్తాదుల దగ్గర నేర్చుకున్నారు. ఇంగ్లీషు మాత్రం తర్వాత తనంతట తాను పట్టుబట్టి నేర్చుకున్నారు. తాత తండ్రుల నుంచి వచ్చిన ఆలోచనలకే కట్టుబడి ఉండనని చెప్పడానికే ఆజాద్ అన్న కలం పేరు పెట్టుకున్నారు. ఆ పేరే ఆయనకు జీవితాంతం నిలిచిపోయింది.

పెళ్ళి చిన్న వయసులోనే జరిగింది. జులేఖా బేగం ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆజాద్ ఇంకా కుర్రవాడే. వాళ్ళకు సంతానం నిలవలేదు.

1912 జులై 13న ఆజాద్ కలకత్తా నుంచి అల్ హిలాల్ అనే ఉర్దూ వారపత్రిక మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్ళు. ముస్లింలు స్వాతంత్ర్య పోరాటానికి దూరంగా ఉండకూడదని, హిందువులతో కలిసి నడవాలని ఆ పత్రిక గట్టిగా చెప్పింది. సర్కారుకి అది మింగుడుపడలేదు. ప్రెస్ చట్టం కింద మొదట 2,000 రూపాయలు, తర్వాత 10,000 రూపాయలు జామీను కట్టమంది. కట్టిన డబ్బు జప్తు చేసింది. అల్ హిలాల్ ఆగిపోయింది. ఆజాద్ ఊరుకోలేదు. 1915లో అల్ బలాగ్ పేరుతో మరో పత్రిక తెచ్చారు.

రాంచీలో నిర్బంధం

ఈసారి సర్కారు పత్రికను వదిలి మనిషి మీద పడింది. 1916లో బెంగాల్ వదిలి వెళ్ళిపొమ్మని ఉత్తర్వు ఇచ్చింది. పంజాబ్, ఢిల్లీ, యునైటెడ్ ప్రావిన్సెస్, బొంబాయి సర్కార్లు అప్పటికే తమ ప్రాంతాల్లో అడుగుపెట్టొద్దన్నాయి. మిగిలింది బీహారే. ఆజాద్ రాంచీ వెళ్ళారు. కొన్నాళ్ళకు అక్కడే నిర్బంధించారు. అది 1919 చివరిదాకా సాగింది.

రాంచీలో ఆయన ఖాళీగా కూర్చోలేదు. జుమా రోజు మసీదులో ప్రసంగించేవారు. ఊరి పిల్లల కోసం ఒక మదర్సా పెట్టించారు. ఖురాన్‌కు ఉర్దూ అనువాదం, వ్యాఖ్యానం రాయడం సాగించారు. పోలీసులు సోదాకు వచ్చి ఆ కాగితాలన్నీ పట్టుకుపోయారు. అవి తిరిగి చేతికొచ్చేసరికి చాలావరకు పాడైపోయాయి. మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. తర్జుమానుల్ ఖురాన్ మొదటి సంపుటం అచ్చయ్యేసరికి 1930 దాటింది.

అలీపూర్ జైలు

రాంచీ నుంచి బయటికొచ్చిన ఆజాద్ 1920 జనవరిలో ఢిల్లీలో గాంధీని కలిశారు. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాల్లో ముందు నిలబడ్డారు. 1921 డిసెంబర్ 10న కలకత్తాలో అరెస్టయ్యారు. చిత్తరంజన్ దాస్‌ని, సుభాష్ చంద్రబోస్‌ని కూడా ఆ రోజుల్లోనే పట్టుకున్నారు. అందర్నీ అలీపూర్ సెంట్రల్ జైల్లోని యూరోపియన్ వార్డులో పెట్టారు. సాయంత్రాలు ఆ వార్డులో రాజకీయ చర్చలు జోరుగా సాగేవి.

ఆ అలీపూర్ జైలు కూడా ఇప్పుడు మ్యూజియమే. ఖైదీల్ని వేరే చోటికి మార్చి, 2022లో జనం చూడ్డానికి తెరిచారు. ఎర్ర గోడలు, సెల్లులు, ఉరికంబం అలాగే ఉంచారు.

ఆజాద్ మీద పెట్టిన కేసు 124-ఎ, అంటే రాజద్రోహం. ఆయన వకీలును పెట్టుకోలేదు, తాను తప్పు చేయలేదని వాదించనూ లేదు. రాతపూర్వకంగా పెద్ద వాంగ్మూలం ఇచ్చారు. ఈ సర్కారు అన్యాయమైనదని చెప్పడం నేరమైతే ఆ నేరం తాను చేశానని ఒప్పుకున్నారు. చరిత్రలో యుద్ధభూముల తర్వాత ఎక్కువ అన్యాయం జరిగింది న్యాయస్థానాల్లోనే అని గుర్తుచేశారు. ఆ వాంగ్మూలమే ఖౌలె ఫైసల్ పేరుతో పుస్తకంగా వచ్చింది. 1922 ఫిబ్రవరి 9న ఏడాది కఠిన శిక్ష పడింది.

తీర్పు తర్వాత జులేఖా బేగం గాంధీకి ఒక కబురు పంపారు. ఏడాది శిక్ష తాను అనుకున్నదాని కంటే తక్కువేనని అందులో చెప్పారు. రాంచీ నిర్బంధం తనకు మొదటి పరీక్ష అని, ఇది రెండోదని, భర్త చూసే బెంగాల్ ఖిలాఫత్ కమిటీ పని ఈ ఏడాది తానే చూసుకుంటానని తెలియజేశారు. పర్దాలో పెరిగిన ఇల్లాలు ఆమె. అప్పటికే ఆరోగ్యం అంతంతమాత్రం. అయినా భర్త తిరిగొచ్చేదాకా పని ఆగకూడదనుకున్నారు.

1923 జనవరిలో ఆజాద్ విడుదలయ్యారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఢిల్లీలో జరిగిన కాంగ్రెస్ ప్రత్యేక సమావేశానికి అధ్యక్షత వహించారు. అప్పటికి 35 ఏళ్ళు కూడా నిండలేదు. కాంగ్రెస్ అధ్యక్షుల్లో అంత చిన్న వయసువారు అంతకుముందు లేరు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో మీరట్ జైలు, ఆ తర్వాత ఢిల్లీ జైలు చూశారు. 1940లో మళ్ళీ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. 1941 మొదట్లో అలహాబాద్ రైల్వేస్టేషన్‌లో పొద్దున టీ వేళకు పోలీసు అధికారి వచ్చి సలాం చేసి వారెంటు చూపించారు. అక్కణ్ణుంచి నైనీ జైలుకి. ఆయన నైనీలో ఉన్నప్పుడే జులేఖా బేగం జబ్బుపడ్డారు. భర్త మనసు కలత పడుతుందని ఆ సంగతి ఆయనకు తెలియనివ్వలేదు. విడుదలై ఇంటికొచ్చాక గానీ ఆయనకు తెలియలేదు.

గుమ్మం దగ్గర ఖుదా హాఫిజ్

1942 ఆగస్టు మొదటి వారం. బొంబాయిలో కాంగ్రెస్ సమావేశం. క్విట్ ఇండియా తీర్మానం అక్కడే రావాలి. ఆజాద్ కలకత్తా నుంచి బయల్దేరుతుంటే జులేఖా బేగం ఎప్పటిలాగే గుమ్మం దాకా వచ్చారు. ఏవైనా అనుకోని పరిస్థితులు రాకపోతే 13వ తేదీ కల్లా వచ్చేస్తానని ఆయన చెప్పారు. ఆమె ఖుదా హాఫిజ్ తప్ప ఇంకేమీ అనలేదు. కన్నీళ్ళు లేవు గానీ ముఖంలో బాధ దాగలేదు. పాతికేళ్ళలో ఎన్నో ప్రయాణాలు, ఎన్నో అరెస్టులు జరిగాయి. ఏనాడూ ఆమెను అలా చూడలేదని ఆయనకు తర్వాత పదే పదే అనిపించింది.

ఆగస్టు 8 రాత్రి తీర్మానం అయింది. ఆజాద్ బస భూలాభాయ్ దేశాయ్ ఇంట్లో. తెల్లవారకముందే పోలీసులు వచ్చి నిలబడ్డారు. విక్టోరియా టెర్మినస్‌లో ప్రత్యేక రైలు సిద్ధంగా ఉంది. గాంధీని దారిలో దించి పూనాలోని ఆగాఖాన్ ప్యాలెస్‌కు తీసుకెళ్ళారు. మిగిలినవాళ్ళను మధ్యాహ్నానికి అహ్మద్‌నగర్ కోటకు చేర్చారు. 13వ తేదీకి ఇంటికొస్తానన్న మాట అలాగే మిగిలిపోయింది.

కోటలో రోజులు

ఈ కోట ఆజాద్‌కు కొత్తేమీ కాదు. చూసింది అదే మొదటిసారి గానీ దాని చరిత్రంతా పుస్తకాల్లో చదివి ఉన్నారు. నిజాంషాహీ సుల్తానులు కట్టిన కోట ఇది. 1595లో అక్బర్ కొడుకు మురాద్ సైన్యంతో వచ్చి ముట్టడిస్తే చాంద్ బీబీ లోపలి నుంచి ఎదిరించి నిలిచింది ఇక్కడే. 1803లో ఇంగ్లీషు జనరల్ వెల్లెస్లీ దీన్ని పట్టుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లను ఇక్కడ బంధించారు. కోట కథలో వచ్చే చీతా ఖాన్ అనే పేరును ఆజాద్ సరదాగా జైలు సూపరింటెండెంటుకు పెట్టారు. ఖైదీలందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు.

మొత్తం 12 మంది. ఆజాద్, నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, గోవింద్ వల్లభ్ పంత్, కృపలానీ, ఆసఫ్ అలీ, డాక్టర్ సయ్యద్ మహమూద్, ఆచార్య నరేంద్ర దేవ్, శంకర్‌రావ్ దేవ్, హరేకృష్ణ మహతాబ్, ప్రఫుల్ల చంద్ర ఘోష్, ఇంకా మన మచిలీపట్నం డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఆంధ్రా బ్యాంకు పెట్టిన పట్టాభి ఆ కోటలో తాను రాసుకున్న డైరీని తర్వాత ఫెదర్స్ అండ్ స్టోన్స్ పేరుతో ఇంగ్లీషులో పుస్తకంగా వేశారు.

మొదట్లో పత్రికలు లేవు, ఉత్తరాలు లేవు. బయట ఏం జరుగుతోందో తెలియదు. ఆజాద్ తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే లేచేవారు. తన టీ తానే కాచుకునేవారు. మల్లెపూల వాసన వచ్చే చైనా టీ అంటే ఆయనకు ప్రాణం. టీలో పాలు పోయడం ఆయన దృష్టిలో ఇంగ్లీషువాళ్ళు అలవాటు చేసిన తప్పు. అందరూ నిద్రలో ఉండగా టీ పక్కన పెట్టుకుని ఉత్తరాలు రాసేవారు. మిత్రుడు నవాబ్ హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీ పేరు మీద రాసిన ఉత్తరాలవి. వాటిని పోస్టులో పంపే వీల్లేదు. రాసి ఫైల్లో పెట్టుకునేవారు. 1946లో అవే గుబారె ఖాతిర్ పేరుతో అచ్చయ్యాయి. ఉర్దూ వచనంలో ఇప్పటికీ ఆ పుస్తకానికి పెద్ద పీట. ఈ కోటలో ఆయన బతుకు గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ ఉత్తరాల నుంచే వచ్చింది.

కోటకు వచ్చిన కొత్తల్లోనే ఆయన ఒక లెక్క వేసుకున్నారు. అంతకుముందు ఆరుసార్ల అరెస్టుల్లో గడిచింది మొత్తం ఏడేళ్ళ ఎనిమిది నెలలు. వయసు 53. అంటే ప్రతి ఏడు రోజుల్లో ఒక రోజు నిర్బంధంలోనే పోయింది. యూదులకు వారంలో ఒక రోజు సబ్బాత్ విశ్రాంతి ఉన్నట్టే తనకూ ఏడో రోజు దక్కిందని సరదాగా రాసుకున్నారు.

ఆయన గదిలో పిచ్చుకలు గూళ్ళు పెట్టాయి. చెత్త పడుతోందని మొదట వెదురు కర్ర పట్టుకుని తరిమారు. ఎంత తరిమినా అవి మళ్ళీ వచ్చాయి. చివరికి ఓటమి ఒప్పుకుని బియ్యపు గింజలు చల్లడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు అవి చేతిలో గింజలు తినేంత మచ్చికయ్యాయి. ఒకదానికి ఖలందర్ అని, ఒకదానికి మోతీ అని పేర్లు కూడా పెట్టారు.

కలకత్తా నుంచి వార్త

1943 మార్చి 23న మొదటి కబురు వచ్చింది. జులేఖా బేగం పరిస్థితి బాగా లేదని. సూపరింటెండెంట్ ఆయన దగ్గరికి వచ్చి, సర్కారుకు ఏమైనా చెప్పుకోవాలంటే వెంటనే బొంబాయికి పంపిస్తానన్నారు. ఆజాద్ స్పష్టంగా చెప్పేశారు, సర్కారును తాను ఏమీ అడగదల్చుకోలేదని. సూపరింటెండెంట్ ఈసారి నెహ్రూ దగ్గరికి వెళ్ళారు. మధ్యాహ్నం నెహ్రూ వచ్చి చాలాసేపు మాట్లాడారు. ఆయనకూ అదే జవాబు. బొంబాయి సర్కారు సూచన మీదే సూపరింటెండెంట్ అలా వచ్చారని తర్వాత తెలిసింది.

ఎందుకు అడగలేదు? ఆయన అప్పుడు కాంగ్రెస్ అధ్యక్షుడు. బయట వేలమంది కార్యకర్తలు జైళ్ళలో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ జబ్బులున్నాయి, చావులున్నాయి. దేశం వదిలి పొమ్మన్న సర్కారు ముందే తన ఇంటి కష్టం చెప్పుకుని చేయి చాచడం ఆయనకు సాధ్యం కాలేదు.

అలాగని ఆయనేమీ రాయి కాదు. ఆ రెండు వారాలు ఎలా గడిచాయో తానే దాచకుండా రాసుకున్నారు. రోజూ పన్నెండు, ఒంటిగంట మధ్య పత్రికలు వచ్చేవి. జైలరు అడుగుల చప్పుడు వినగానే గుండె దడదడలాడేది. ఈ రోజు పేపర్లో ఏముందోనని. ఆయన కూర్చునే సోఫా వీపు గుమ్మం వైపు ఉండేది. మనిషి ఎదురుగా వస్తే తప్ప ముఖం కనపడదు. జైలరు వచ్చినప్పుడు చిరునవ్వుతో పేపరు బల్ల మీద పెట్టమని సైగ చేసి, మళ్ళీ రాసుకుంటున్నట్టు తల వంచుకునేవారు. భోజనానికి వేళకు వెళ్ళేవారు, ఆకలి మాత్రం చచ్చిపోయింది. నిబ్బరంగా ఉన్నట్టు కనపడాలన్న పట్టుదల కూడా ఒక రకమైన నటనేనని ఆయనే ఒప్పుకున్నారు.

ఏప్రిల్ 9న జులేఖా బేగం చనిపోయారు. టెలిగ్రాం కోటకు చేరింది. ఆఖరి చూపు లేదు, జనాజా నమాజు లేదు, పిడికెడు మట్టి వేసే వీలు లేదు. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 11న, షేర్వానీ పేరుతో మరో ఉత్తరం రాశారు. కోట ముంగిట్లో ఒక పాత సమాధి ఉండేది. ఎవరిదో తెలియదు. వచ్చినప్పటి నుంచి వందలసార్లు దాన్ని చూశారు గానీ పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం ఆ సమాధి మీద ఏదో కొత్త మమకారం కలుగుతోందని ఆ ఉత్తరంలో రాసుకున్నారు.

మూడు నెలలు తిరక్కుండానే భోపాల్లో ఉన్న అక్క ఆబ్రూ బేగం కూడా పోయారు. ఆ వార్త కూడా ఆయనకు ఈ గోడల మధ్యనే అందింది.

సమాధి దగ్గర ఒక పూలదండ

1945 ఏప్రిల్‌లో ఆజాద్‌ను బెంగాల్‌లోని బాంకుడాకు మార్చారు. అప్పటికి ఆయన బరువు 170 పౌన్ల నుంచి 130కి దిగిపోయింది. జూన్ 15న విడుదల చేశారు. అన్నీ కలిపితే జీవితంలో పదేళ్ళకు పైగా నిర్బంధంలోనే పోయాయి.

హౌరా స్టేషన్‌లో ఇసకేస్తే రాలనంత జనం. కారు ముందు బ్యాండు మేళం పెట్టారు. ఇది సంబరాల వేళ కాదని దాన్ని తీసేయించారు. మూడేళ్ళ కిందట గుమ్మం దాకా వచ్చి సాగనంపిన మనిషి ఇప్పుడు ఆ ఇంట్లో లేదు. ఆయన కారును ఇంటికి కాకుండా ముందు ఆమె సమాధి దగ్గరికి పోనివ్వమన్నారు. జనం వేసిన దండలతో కారంతా నిండి ఉంది. అందులోంచి ఒక దండ తీసి సమాధి మీద పెట్టి, మౌనంగా ఫాతిహా చదివారు.

పది రోజులకే సిమ్లా సమావేశానికి కాంగ్రెస్ తరఫున వెళ్ళాల్సి వచ్చింది. ఆరోగ్యం బాగోలేదు, ఇల్లు ఖాళీ అయింది. అయినా వెళ్ళారు. దేశ విభజన వద్దని చివరిదాకా వాదించారు. అది ఆగలేదు. 1947లో ఢిల్లీలో భయపడి మూటలు కట్టుకుంటున్న ముస్లింలకు జామా మసీదు మెట్ల మీది నుంచి ధైర్యం చెప్పారు. ఈ నేల మీదే ఉండమన్నారు.

స్వతంత్ర భారతానికి మొదటి విద్యామంత్రి ఆయనే. 1951లో ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ, 1953లో యూజీసీ ఆయన హయాంలోనే మొదలయ్యాయి. సాహిత్య అకాడమీ, సంగీత నాటక అకాడమీ, లలిత కళా అకాడమీ కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. 1958 ఫిబ్రవరి 22న ఢిల్లీలో కన్నుమూశారు. ఎర్రకోటకు, జామా మసీదుకు మధ్య ఆయన సమాధి ఉంది. 1992లో భారతరత్న ప్రకటించారు. ఆయన పుట్టినరోజు నవంబర్ 11ని 2008 నుంచి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుతున్నారు. హైదరాబాద్ గచ్చిబౌలిలో 1998లో మొదలైన ఉర్దూ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. మన ఇళ్ళ నుంచి ఎంతోమంది పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు.

జులేఖా బేగం పేరు ఆ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆమె జైలుకు వెళ్ళలేదు, ఆమె పేరుతో గది లేదు. భర్త శిక్షల్లో సగం మాత్రం ఆమె ఇంట్లోనే ఉండి అనుభవించారు. అలీపూర్ మ్యూజియానికో అహ్మద్‌నగర్ కోటకో పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు, ఆ గదుల్లో ఉన్నవాళ్ళ కథతో పాటు కలకత్తా ఇంటి గుమ్మంలో నిలబడ్డ ఆ ఇల్లాలి కథ కూడా చెప్పాలి.